మూడు మాటలు, ఒకే బటన్

మా తమ్ముడికి ఇంగ్లీషంటే పిచ్చి. పిచ్చి అని ముద్దుగా అనడం లేదు. పక్కింటావిడ "భోజనమైందా" అని అడిగిన పాపానికి, ఆ ఒక్క ముక్కని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా అడగొచ్చో, అందులో ఏది ఎవరితో అనకూడదో చెప్పేదాకా ఆవిణ్ణి గుమ్మం దాటనివ్వడు. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటాడు. వీధంతా మాస్టారూ అని పిలుస్తారు. ఎవరైనా ఒక మాట బదులు దాని పక్కింటి మాట వాడితే, పంటికింద రాయి పడ్డట్టు మొహం పెడతాడు. అలాంటివాడు మా ఆయన ఉద్యోగం నిలబెడతానని సుద్దముక్కా పలకా పట్టుకుని మా వంటింట్లో కూచున్నప్పుడు, దేవుడే దిగొచ్చాడనుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. వాడి మీద కాదు. ఎవరి మీదో తేల్చుకోలేకే మండుతుంది.

మా ఆయన ఇనుప సామాన్ల యార్డులో క్రేన్ నడుపుతాడు. మా పెళ్ళి నాటికే నడుపుతున్నాడు. ఇంకో పని చేతకాదు. ఇంట్లో మేకు కొట్టమంటే గోడకి బొక్క పెడతాడు గానీ, క్రేన్ మీద కూచుంటే లారీడు ఇనుముని పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించుతాడు. పాత క్రేన్ నడిపినన్నాళ్ళూ ఆయనకి మాటలతో పనే పడలేదు. కింద గొలుసులు కట్టేవాడు చెయ్యి ఊపితే ఎత్తడం, పిడికిలి బిగిస్తే ఆపడం. అంతే.

కొత్త క్రేన్ వచ్చాక క్యాబిన్‌లో ఒక తెర పెట్టారు. ఏదో ఒకటి అయినప్పుడల్లా అది కీచుమని మోగుతుంది. తెర మీద పసుపు అక్షరాల్లో ఒక ఇంగ్లీషు మాట వస్తుంది. మాట ఏదైనా రంగు అదే, మోతా అదే. గాలి కాస్త గట్టిగా వీచినా మోగుతుంది, ఇంజను వేడెక్కినా మోగుతుంది, ఒక్కోసారి ఊరికే కూడా మోగుతుందట. దాంతో పని సాగక, ఫోర్‌మన్ ఆపరేటర్లందర్నీ నిలబెట్టి చెప్పాడు: "మోగితే ఆకుపచ్చ బటన్ నొక్కండి. పని మాత్రం ఆపకండి." ఆ బటన్ నొక్కితే మోత ఆగుతుంది, మాట పోతుంది, క్రేన్ కదులుతుంది. యార్డులో అందరూ అలాగే చేశారు. మోగడం, నొక్కడం, మోగడం, నొక్కడం. ఆ చెయ్యి అలా అలవాటుపడిపోయింది.

ఆ రోజు కూడా మోగింది. మా ఆయన నొక్కాడు. పైపుల కట్ట ఒక పక్కకి ఒరిగి కింద పడింది. కింద పొట్టి ఉన్నాడు.

పొట్టి అంటే గొలుసులు కట్టే మనిషి. మా ఆయనకన్నా జానెడు పొడుగు, అందుకే ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలా ఉండిపోయింది. వాళ్ళిద్దరిదీ పాత క్రేన్ నాటి జోడీ. వాడి చెయ్యి ఊపు చూసి మా ఆయన ఇనుము ఎత్తేవాడు, మా ఆయన మొహం చూసి వాడు పక్కకి తప్పుకునేవాడు. ఆ రోజు తప్పుకోలేకపోయాడు. ప్రాణం దక్కింది గానీ కాలు నుజ్జయిపోయింది. మా ఆయన ఇంటికొచ్చి మంచం పట్టెమీద కూచుని, కుడిచేతి బొటనవేలు వంక చూసుకుంటూ ఉండిపోయాడు. కాళ్ళు కడుక్కోమన్నా వినిపించుకోలేదు.

కంపెనీ విచారణ పెట్టింది. తప్పు ఆయనదేనని తేలితే లైసెన్సు రద్దు. లైసెన్సు పోతే ఆ యార్డులోనే కాదు, ఎక్కడా క్రేన్ ఎక్కనివ్వరు. క్రేన్ దిగిన మా ఆయన ఎలా బతుకుతాడో నాకు ఊహకి కూడా అందలేదు. నేను పాత బట్టలు సరిచేసి కుట్టుకునే మనిషిని. నా కుట్టుమిషన్ మీద ఇల్లు నడిపించడానికి నేను సిద్ధమే. ఆయన ఆ ఇంట్లో ఊరికే కూచుని ఆ బొటనవేలు చూసుకుంటుంటే చూడటానికి మాత్రం సిద్ధంగా లేను.

అప్పుడు ఫోర్‌మన్ ఇంటికి వచ్చాడు. నేనే కుర్చీ వేశాను, నేనే మంచినీళ్ళిచ్చాను.

"విచారణకి వచ్చే ఆఫీసరమ్మ బయటి మనిషి. ఆవిడకి ఇంగ్లీషే వచ్చు," అన్నాడు. "మొట్టమొదట అడిగేది, తెర మీది మాటలు నీకు తెలుసా అని. తెలియదన్నావా, చదవడం రానివాడివి ఆ మిషన్ ఎందుకెక్కావంటుంది. అక్కడితో నీ పని సరి. యార్డులో అందరికీ ఇదే చెప్తున్నా. తెలియదన్నవాడు మిషన్ దిగాల్సిందే. నీ బామ్మర్ది మాస్టారే కదా, నేర్చుకో."

ఆ మనిషి మా మేలు కోరి చెప్పాడో, తన ఒళ్ళు కాపాడుకోడానికి చెప్పాడో ఇప్పటికీ మా ఇంట్లో తగువే. భయపడి చెప్పాడంటాడు మా ఆయన. భయపడ్డవాడు ఇంత తెలివిగా భయపడతాడా అంటాను నేను.

మర్నాటి నుంచి మా వంటిల్లు బడి అయిపోయింది. తమ్ముడు పొద్దున్నే ట్యూషన్లకి వెళ్ళకముందు వచ్చేవాడు. నేను ఒక కంట పొయ్యిని, ఒక కంట వాళ్ళని చూసుకుంటూ ఉండేదాన్ని.

"బావా, ముందు ఇది తేల్చుకుందాం. కట్ట పడిందా, నువ్వు పడేశావా?"

"పడింది."

"అయితే 'ఫెల్' అను. 'డ్రాప్' అన్నావో, చేతుల్తో నువ్వే వదిలేశావని అర్థం. నోరు జారావంటే కొంప మునుగుతుంది."

"అక్కడ ఒక గుమాస్తా ఉంటాడటగా, మన మాటలు ఆవిడకి మార్చి చెప్పడానికి. నాకెందుకురా ఈ తంటా?"

"వాడు నీ 'పడింది'ని 'పడేశాను' చేస్తే? పక్కపక్క మాటలు బావా ఇవి. చీకట్లో చెప్పుల్లాంటివి. నీవి నువ్వే వెతుక్కుని తొడుక్కోవాలి."

మా ఆయన తల ఊపాడు. చదువుకోని మనిషి కదా, ఎవడు గట్టిగా చెప్తే వాడి మాట నిజమనుకుంటాడు.

"తెర చూశావా అని అడుగుతారు. అక్కడా జాగ్రత్త. 'సీ' అంటే కంటపడటం. 'లుక్' అంటే పనిగట్టుకుని చూడటం. 'వాచ్' అంటే కనిపెట్టుకుని ఉండటం."

"ఒక్క చూపుకి ఇన్ని మాటలెందుకురా వీళ్ళకి?"

"మనకి మాత్రం తక్కువా?" అన్నాను నేను పొయ్యి దగ్గర్నుంచి. "మీరు నా వంక చూస్తారు. మీ అమ్మ నన్ను కనిపెట్టుకుని ఉంటుంది. వీడు నా గిన్నెలో ఏముందోనని తొంగి చూస్తాడు."

ముగ్గురం నవ్వాం. ఆ ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. అందుకేనేమో, ఆ పాఠాల మీద నాకు అంత నమ్మకం కుదిరింది.

ఒక్క చోట మాత్రం ఆయన మొండికేశాడు. 'మిస్టేక్' అంటే తెలియక చేసింది, 'ఫాల్ట్' అంటే ఆ పాపం ఎవరి నెత్తిన పడాలో చెప్పేదీ, మొదటిది ఒప్పుకున్నా ఫరవాలేదు గానీ రెండోది నోట్లోంచి రానివ్వకూడదని తమ్ముడు చెప్తున్నాడు. మా ఆయన పలక వంకే చూస్తూ, "తెలియక చేస్తే కాలు తక్కువ విరుగుతుందా?" అన్నాడు.

తమ్ముడు సుద్దముక్క కింద పెట్టాడు. "అది కాదు బావా..."

"మనకీ ఉన్నాయి కదండీ, పొరపాటు వేరు, తప్పు వేరు," అన్నాను నేను సర్దిచెప్పబోయి.

"ఉన్నాయని నాకూ తెలుసే. నాది ఏదో తెలియడం లేదు."

ఆ రోజు ఇంక పాఠం సాగలేదు.

తర్వాత తెర మీది మాటలకి వచ్చారు. అవి మూడే. తమ్ముడు పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. కాషన్ అంటే జాగ్రత్త. వార్నింగ్ అంటే హెచ్చరిక. డేంజర్ అంటే ప్రమాదం.

"జాగ్రత్త అని చెప్తే అది హెచ్చరికే కదా," అన్నాడు మా ఆయన. "ప్రమాదం ఉంటేనే కదా హెచ్చరిక. మూడూ ఒకటే కాదుట్రా?"

"కాదు బావా! ఒకదానికంటే ఒకటి ఎక్కువ!"

"ఎంత ఎక్కువ?"

తమ్ముడు తల పట్టుకున్నాడు. నిఘంటువు తెచ్చాడు, దాన్లో ఉన్నది చదివాడు, అది మరీ అధ్వానం. ఒక మాటకి అర్థం చూస్తే రెండో మాట ఉంది, రెండోదానికి చూస్తే మళ్ళీ మొదటిదే. ఇన్నేళ్ళు మాటలకి సరిహద్దులు గీసినవాడు, మా ఆయన అడిగే అడ్డదిడ్డం ప్రశ్నలకి తన గీతలు తనే చెరుపుకోవడం మొదలెట్టాడు. పొద్దున చెప్పింది మర్నాటికి ఆయనకి కలగాపులగం అయిపోయేది. విచారణ దగ్గర పడుతోంది. నాకు అన్నం సహించడం మానేసింది. ఆయన వార్నింగ్‌ని కాషన్ అన్నప్పుడల్లా గరిటె వదిలేసి అటు తిరిగేదాన్ని.

ఒకరోజు ఇంక ఊరుకోలేకపోయాను. పొయ్యి మీద పాలు ఉన్నాయి.

"ఇటు రండి. ఇలా నిలబడండి," అన్నాను. "పాలు పొయ్యి మీద ఉన్నాయి, మీరు పక్కకి తిరిగారు. అది కాషన్. పాలు అంచుదాకా వచ్చాయి. అది వార్నింగ్. పొంగిపోయి మంట ఆరిపోయింది, గ్యాసు వాసన వస్తోంది. అది డేంజర్. మొదటిదానికి కన్నేసి ఉంచాలి. రెండోదానికి మంట తగ్గించాలి. మూడోదానికి ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తాలి. ఇంతోటిదానికి నిఘంటువులెందుకు?"

తమ్ముడు నిఘంటువు మూసేశాడు. మా ఆయన పాలు పొంగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు. నేనే గబుక్కున మంట ఆర్పాను.

"ఇంత చిన్న సంగతా," అన్నాడు. ఆ తర్వాత పలక దగ్గరికి వెళ్ళి మూడో మాట మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. "ఇదే. పొట్ట ఉన్న అక్షరం. ఆ రోజు వచ్చింది ఇదే."

"ఎలా చెప్పగలరు?"

"మిగతావి నాకు గుర్తులేవు. ఇది గుర్తుంది. పొట్ట అక్షరం." పలక మీంచి వేలు తీశాడు. "గ్యాసు వాసన వస్తోందిరా అని అది నాకు చెప్పింది. నేను నోరుముయ్యమని నొక్కాను."

ఆ పూట ఆయన పాలు ముట్టలేదు. నేనూ ముట్టలేదు. కానీ మాటలు మాత్రం పట్టుబడిపోయాయి. ఇంక ఎప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. ఆ ఆనందంలో మేమిద్దరం, అక్కా తమ్ముడూ, ఆయన మొహం సరిగ్గా చూడలేదు.

అప్పట్నుంచి సాయంత్రం కాగానే ఆయన చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళేవాడు. ఆసుపత్రికి, పొట్టి దగ్గరికి అనుకున్నాను. కొన్నిసార్లు అక్కడికే వెళ్ళేవాడు కూడా. తిరిగొచ్చాక మొహం కాస్త తేటగా ఉండేది. పోనీలే, స్నేహితుడితో నాలుగు మాటలు మాట్లాడుకుంటే గుండె బరువు దిగుతుంది అనుకున్నాను. "నా సుద్దముక్కలు ఎవరో తినేస్తున్నారక్కా," అని తమ్ముడు గొణిగాడు. ఆయన చొక్కా జేబులో తెల్లటి పొడి చూసి కూడా దులిపి ఉతికేశాను. నాకు ఆ మాత్రం అనుమానం రాలేదు.

విచారణ రోజు రానే వచ్చింది. తోడుగా ఒకర్ని తెచ్చుకోవచ్చన్నారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు. మా ఆయన మాత్రం, "మీ అక్క వస్తుందిరా," అన్నాడు.

"అక్కకి ఇంగ్లీషు రాదు కదా బావా!"

"రానక్కర్లేదు. పక్కన కూచుంటే చాలు."

తమ్ముడు యార్డు గేటు దాకా వచ్చాడు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు: "ఫెల్, బావా. డ్రాప్ కాదు."

మేడమీద గది. పొడుగాటి బల్ల, దాని మీద అద్దం, అద్దం కింద యార్డు పటం. కిటికీలోంచి క్రేన్లు కనిపిస్తున్నాయి. ఆఫీసరమ్మ నా వయసు మనిషే. చూస్తే గయ్యాళిలా లేదు. నా వంక చూసి కూచోమని కుర్చీ చూపించింది. ఆవిడ పక్కన మాటలు మార్చే గుమాస్తా. గోడవారగా ఫోర్‌మన్, టోపీ చంకలో పెట్టుకుని.

ఆవిడ ఏదో అడిగింది. గుమాస్తా మా వైపు తిరిగేలోపే మా ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చేశాడు. 'ఫెల్' అన్నమాట నాకు స్పష్టంగా వినబడింది. ఆవిడ కనుబొమ్మలు పైకి లేచాయి. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. ఆయన వీపు నిటారుగా ఉంది. నిజం చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి. ఇంతకాలం ఎవరు గట్టిగా మాట్లాడినా తలొంచుకునే మనిషి, ఒక ఆఫీసరు కళ్ళలోకి చూసి ఆవిడ భాషలోనే మాట్లాడుతున్నాడు.

ఆవిడ తెర ఫోటోలు మూడు బల్లమీద పరిచింది. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టింది. ఆయన ఒక్కొక్కటీ చెప్పాడు. కాషన్, కన్నేసి ఉంచాలి. వార్నింగ్, తగ్గించాలి. డేంజర్, స్టాప్, అన్నీ వదిలేసి పరుగు. ఆ రోజు వచ్చింది ఏదని అడిగింది. ఆయన మూడో ఫోటో మీద వేలు పెట్టాడు.

ఆవిడ కలం కింద పెట్టేసింది. ఆ తర్వాత గుమాస్తాతో నెమ్మదిగా, చాలాసేపు చెప్పింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ అంటున్నారు, ఈ విచారణ పెట్టిందే ఒక్క సంగతి తేల్చడానికట. తెర మీది మాటలు ఆపరేటర్‌కి అర్థమవుతాయా, కావా అని. అర్థం కాకపోతే తప్పు మీది కాదు, అర్థం కాని మిషన్ మీద మిమ్మల్ని ఎక్కించినవాళ్ళది. అలాగే అయ్యుంటుందని అనుకుని వచ్చారట ఆవిడ. కానీ మీకు ఇంత బాగా తెలుసు. డేంజర్ అని తెలిసి కూడా ఎందుకు నొక్కారని అడుగుతున్నారు."

ఫోర్‌మన్ వంక చూశాను. ఆ మనిషి తల పైకెత్తి ఫ్యాను వంక చూస్తున్నాడు.

"మోగితే ఆకుపచ్చది నొక్కమన్నారు మేడమ్," అన్నాడు మా ఆయన. ఈసారి ఆయనకి ఇంగ్లీషు రాలేదు. "అందరం అలాగే నొక్కుతాం."

"చదివి నొక్కమన్నాను," అన్నాడు ఫోర్‌మన్ ఫ్యానుతో.

నేను లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడానో వరసగా గుర్తులేదు. ఆయనకి ఏమీ తెలియదండీ, ఈ మాటలు మా తమ్ముడు మొన్న మొన్న నేర్పాడండీ, కాలు విరిగాక నేర్పాడండీ, గేటు దగ్గరే ఉన్నాడు పిలవండి అన్నాను. గుమాస్తా మార్చి చెప్తుంటే ఆఫీసరమ్మ జాలిగానే విన్నది. సొంత తమ్ముడు ఇంకేం చెప్తాడమ్మా, ఇప్పుడు ఎవరైనా ఇలాగే అంటారు కదా అన్నది. అదీ నిజమే. తెలిసిందని చూపించడం ఎంతసేపు! నోరు తెరిస్తే చాలు. తెలియదని ఎలా చూపించాలి? నేర్చుకున్న మాటని తలలోంచి బయటికి తీసి, ఇదిగో ఇప్పుడు లేదు చూడండని ఎలా బల్లమీద పెట్టాలి? తెలియనట్టు నటించినా నటనే అంటారు. గదిలో నలుగురున్నా నీళ్ళలో ఒంటరిగా మునుగుతున్నట్టుంది.

అప్పుడు కిటికీలోంచి క్రేన్ కనబడింది. దాన్లో మనిషి కూడా కనబడ్డాడు. మీసాలోడు. మా ఆయన్ని అన్నా అని పిలిచే ఆపరేటర్. మన అక్షరాలే రాని మనిషి, జీతం దగ్గర వేలిముద్ర వేసే మనిషి.

"అయితే అతన్ని పిలవండి!" అని అరిచినంత పని చేశాను. "ఆ క్రేన్ మీది మనిషిని. ఇవే ఫోటోలు చూపించండి. యార్డులో ఎవరికీ ఏమీ తెలియదని, అందరూ గుడ్డిగా నొక్కుతున్నారని మీకే తెలుస్తుంది."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే," అన్నాడు.

విదిలించుకున్నాను. భయపడుతున్నాడనుకున్నాను. ఫోర్‌మన్ అప్పటిదాకా ఫ్యానుని వదలనివాడు, చటుక్కున తల దించాడు. ఆ మొహం పాలిపోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అతను ఇంకెవర్నో తెస్తానన్నాడు. వద్దు, నేను చూపించినవాణ్ణే తేవాలన్నాను. ఆఫీసరమ్మ కాస్త ఆలోచించి గుమాస్తానే పంపించింది.

మీసాలోడు లోపలికొచ్చాడు. ఆఫీసరమ్మకి దణ్ణం పెట్టాడు. మా ఆయన్ని చూసి, ధైర్యంగా ఉండన్నా అన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. ఆవిడ మూడో ఫోటో ముందుకి తోసింది.

"ఇదా మేడమ్? ఇది పొట్ట అక్షరం," అన్నాడు వాడు. "డేంజర్."

గుమాస్తా మార్చి చెప్పాడు. ఆవిడ మిగతా రెండూ చూపించింది. వాడు ఒక్కసారి గుక్క తిప్పుకుని, అప్పజెప్పినట్టు మొదలెట్టాడు.

"పాలు పొయ్యి మీద పెట్టి పక్కకి తిరిగామనుకోండి, అది కాషన్. పాలు అంచుదాకా వచ్చాయనుకోండి, అది వార్నింగ్. పొంగిపోయి మంట ఆరిపోయింది, గ్యాసు వాసన వస్తోంది, అది డేంజర్. ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తాలి మేడమ్."

నా పాలు. నా పొయ్యి. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా వాడి నోట్లోంచి వస్తున్నాయి. చొక్కా జేబులో సుద్దపొడి ఎందుకుందో, సాయంత్రాలు ఆయన ఎక్కడికి వెళ్ళాడో, ఇందాక వద్దే అని ఎందుకన్నాడో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. గేటు బయట, షిఫ్టు దిగినవాళ్ళంతా ఆగే టీకొట్టు ముందు నేల మీద ఆ మూడు మాటలూ రాసి, ప్రతివాడికీ నేర్పాడన్నమాట. ఇంకో కాలు విరక్కూడదని.

"ఎవరు నేర్పారని అడుగుతున్నారు," అన్నాడు గుమాస్తా.

"ఇంకెవరు? మా అన్నే," అన్నాడు మీసాలోడు, మా ఆయన్ని చూపించి.

"ఎప్పుడు నేర్పాడట?"

వాడు ఫోర్‌మన్ వంక చూశాడు. మా ఆయన వంక చూశాడు. తెలియదన్నవాడు మిషన్ దిగాల్సిందేనని వాడికీ చెప్పారు కదా. అన్నని గట్టెక్కించే అవకాశం తన చేతికే వచ్చిందనుకున్నాడు, పాపిష్టివాడు. ఛాతీ విరుచుకున్నాడు.

"మొదట్నుంచీ మేడమ్. మిషన్ వచ్చిన దగ్గర్నుంచీ. మా అన్నకి అన్నీ తెలుసు."

"అబద్ధం! ఎందుకురా అబద్ధమాడతావు?" అన్నాను.

వాడు బిత్తరపోయి నా వంక చూశాడు. ఆఫీసరమ్మ మా ఆయన వైపు తిరిగింది. ఈ మనిషి అబద్ధం చెప్తున్నాడా అని అడుగుతున్నారు, చెప్తున్నట్టయితే ఇతని మీద కూడా చర్య ఉంటుంది అన్నాడు గుమాస్తా. నేను మా ఆయన మోచెయ్యి పట్టుకుని కుదిపాను. ఒక్క మాట. అవునండీ అనే ఒక్క మాట. దానికి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు.

ఆయన మీసాలోడి వంక చూశాడు. బల్ల మీది మూడో ఫోటో వంక చూశాడు. ఆ తర్వాత తన బొటనవేలు వంక.

"నొక్కింది నేనే మేడమ్," అన్నాడు.

అంతే. మళ్ళీ అడిగినా అదే చెప్పాడు. గుమాస్తా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఏ మాట వాడాడో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మమ్మల్ని బయట కూచోమన్నారు. మళ్ళీ పిలిచారు. లైసెన్సు రద్దు చేశామని, బాధగానే ఉందని ఆఫీసరమ్మ చెప్పిందట. ఫోర్‌మన్ టోపీ తలకి పెట్టుకున్నాడు.

మెట్ల దగ్గర మీసాలోడు కాచుకుని ఉన్నాడు.

"బాగానే చెప్పానా అన్నా?"

"బాగా చెప్పావురా," అన్నాడు మా ఆయన. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "మోగితే చదువు మరి. ఊరికే నొక్కకు."

"నొక్కను అన్నా. మేమెవరం నొక్కడం లేదు. పొద్దున నాకు పొట్ట అక్షరం వస్తే దిగిపోయి అందర్నీ అవతలికి తరిమాను."

వాడు వెళ్ళిపోయాడు. మేం మెట్లు దిగుతున్నాం. మా ఆయన ఒక మెట్టు మీద ఆగి నా వంక తిరిగాడు. ఆ మొహంలో ఏడుపు లేదు. ప్రమాదమైన రోజు నుంచి నేను ఎదురుచూసిన తేట ఇప్పుడు కనబడుతోంది, ఈ పాడు సమయంలో.

"చూశావా," అన్నాడు. "వాడికి పాలు ఎంత బాగా గుర్తున్నాయో!"

నాకు ఆయన్ని చెంపమీద కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. చెయ్యి లేపితే అది కొట్టడానికి పోదని, ఆయన మెడ చుట్టూ పోయి అక్కడే మెట్ల మీద బావురుమంటానని తెలిసి, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంటికెళ్ళాక ఈ మనిషి రేపటి నుంచి ఎక్కడికి వెళ్తాడు, ఆ చేతుల్తో ఏం చేస్తాడు అని ఒకటే ఆలోచన. కుట్టుమిషన్ పక్కన కూచుని దారం ఎక్కిస్తాడా?

యార్డు దాటి గేటు దగ్గరికి వచ్చాం. తమ్ముడు ఎండలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. బావ మొహంలో తేట చూశాడో ఏమో, ఏమైందని కూడా అడగలేదు.

"అక్కా, ఎలా చెప్పాడే? మాటలేమైనా అటూ ఇటూ అయ్యాయా?"

"లేదురా," అన్నాను. "ఒక్క తప్పు కూడా లేకుండా చెప్పాడు."

వాడి మొహం వెలిగిపోయింది. మా ఆయన వాడి చేతిలో మిగిలిన సుద్దముక్కలు పెట్టాడు.